మీ పేరుతో ఇంకొకరు అప్పు చేయకుండా చూసుకోవడం ఎలా

ఎప్పుడూ వినని ఫైనాన్స్ కంపెనీ నుంచి రికవరీ వాడు ఫోన్ చేసి, మీ పేరు, మీ నాన్నగారి పేరు, పాన్ నంబరు గడగడా చదివి, "మూడు నెలలుగా ఈఎంఐ కట్టడం లేదేంటి సార్" అని గదమాయిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. వెంటనే వచ్చే అనుమానం, ఎవడో ఫోన్ హ్యాక్ చేశాడని. అది కూడా జరుగుతుంది గానీ, మన దగ్గర ఇలాంటివి చాలాసార్లు అంత తెలివితేటలు అక్కర్లేని దారిలోనే జరుగుతాయి. ఎక్కడో ఇచ్చిన ఆధార్ జిరాక్స్, ఎక్కడో పెట్టిన వేలిముద్ర, చేతిలోంచి జారిపోయిన ఫోన్ నంబరు. ఈ మూడింట్లో రెండు దొరికితే మిగతా పని వాడికి సులువు.

ఒక విషయం ముందే ఒప్పేసుకుందాం. ఆధార్ నంబరును రహస్యంగా ఉంచడం ఇప్పుడు అయ్యే పని కాదు. స్కూలు, గ్యాస్ ఏజెన్సీ, లాడ్జి, బండి షోరూమ్, సిమ్ కొట్టు, పిల్లాడి హాస్టల్, అన్నిచోట్లా ఇప్పటికే ఇచ్చేశాం. ఆ నంబరు మారదు, వేలిముద్ర అంతకన్నా మారదు. కాబట్టి దాచడం మీద పెట్టే శ్రద్ధలో సగం, ఆ నంబరు వాడి చేతికి వచ్చినా పనికిరాకుండా చేయడం మీద, మన పేరు మీద ఏం నడుస్తోందో అప్పుడప్పుడూ చూసుకోవడం మీద పెట్టాలి. చూసుకోవాల్సిన చోట్లు మరీ ఎక్కువ లేవు, అన్నీ ఉచితం, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే చాలావరకు అయిపోతాయి.

ముందు సిమ్‌లు లెక్కపెట్టండి

ఇది అన్నిటికంటే తేలిక, అందుకే ముందు చెబుతున్నా. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో చూపించే సదుపాయం ఉంది. దీన్ని టాఫ్‌కాప్ అనే పేరుతో 2021లో మొదట మన తెలుగు రాష్ట్రాల్లోనే మొదలుపెట్టారు, 2023 మే నెలలో సంచార్ సాథీ కింద దేశమంతటికీ తెచ్చారు. మీ నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ కొడితే, మీ పేరు మీదున్న నంబర్ల జాబితా మధ్య అంకెలు మూసి కనిపిస్తుంది. ఒక్కో నంబరు పక్కన అది మీది కాదని, లేదా మీదే గానీ ఇక అక్కర్లేదని చెప్పే అవకాశం ఉంటుంది. మీది కానిది కనిపిస్తే అక్కడే నొక్కి రిపోర్ట్ చేయండి, వచ్చిన రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత పోలీసులు అడిగితే పనికొస్తుంది.

ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌లు దాటకూడదని నిబంధన, జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో అయితే 6. మన ఇళ్లలో అమ్మకి, తమ్ముడికి, ఊళ్లో పాలేరుకి కూడా మన ఆధార్ మీదే సిమ్ తీసిచ్చే అలవాటు ఉంది కదా, ఆ లెక్కలన్నీ ఇక్కడ బయటపడతాయి. తమ్ముడి సిమ్ తమ్ముడి పేరుకే మార్పించండి. మొహమాటపడే విషయం కాదు ఇది, ఆ నంబరుతో ఎవరేం చేసినా పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

సిమ్ తీసుకునే కొట్టులో ఒక జాగ్రత్త. "వేలిముద్ర సరిగ్గా పడలేదు, మళ్లీ పెట్టండి" అని రెండోసారి, మూడోసారి అడిగితే స్క్రీన్ మీ వైపు తిప్పమని అడిగి చూశాకే పెట్టండి. మొదటి ముద్రతో మీ సిమ్, రెండో ముద్రతో ఇంకొకడి సిమ్, ఇది పాత ఎత్తు. నిజంగానే పడకపోయి ఉండొచ్చు కూడా, పొలం పని చేసిన చేతులకు, గిన్నెలు తోమిన చేతులకు గీతలు అరిగిపోతాయి. అయినా స్క్రీన్ చూడటం తప్పేం కాదు.

వేలిముద్ర సంగతి

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఇప్పుడు ఎనభై ఏళ్ల ముసలమ్మకి కూడా తెలుసు గానీ, ఓటీపీ లేకుండానే ఖాతాలోంచి డబ్బు తీయొచ్చని చదువుకున్నవాళ్లకు కూడా చాలామందికి తెలియదు.

ఊళ్లలో బ్యాంక్ మిత్ర చిన్న మిషన్ పట్టుకుని కూర్చుంటాడు చూడండి, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే డబ్బిస్తాడు. దాన్ని ఏఈపీఎస్ అంటారు. ఏటీఎం కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఒకసారికి 10,000 రూపాయల వరకు తీయొచ్చు. బ్యాంకు దూరంగా ఉన్న పల్లెలకు ఇది నిజంగా గొప్ప మేలు చేసిన ఏర్పాటే, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆధార్ లింకైన ఖాతాలకు చాలావాటికి ఇది మీరు అడక్కుండానే పనిచేస్తూ ఉంటుంది, పట్నంలో ఉండి ఎప్పుడూ వాడని మీ ఖాతాకు కూడా.

వేలిముద్ర ఎక్కడ దొరుకుతుంది అంటారా. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీదున్న వేలిముద్రలతో రబ్బరు అచ్చులు తయారుచేసి, సిమ్ అమ్మకాల టార్గెట్ల కోసం ఎవరెవరి పేర్లతోనో సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. సేల్ డీడ్‌లో ఏముంటాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి: పేరు, తండ్రి పేరు, ఫోటో, ఆధార్ నంబరు, వేలిముద్ర, అన్నీ ఒకే కాగితాల కట్టలో. ఇంతకంటే తయారుగా ఇంకేం కావాలి దొంగకి? ఆ తర్వాత ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ కూడా ఊరికే కూర్చోలేదు, 2023 ఫిబ్రవరిలో వేలి గీతలతో పాటు వేలి చిత్రాన్ని కూడా పరీక్షించి, పెట్టింది నిజమైన వేలా, అచ్చా అని పట్టే పద్ధతి తెచ్చింది. దాంతో రబ్బరు వేలు నడవడం కష్టమైంది. అయినా నిజమైన వేలే రెండుసార్లు పెట్టించే మోసగాడికి ఈ పరీక్ష అడ్డం కాదు.

అందుకని బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. మై ఆధార్ పోర్టల్‌లోగానీ ఆధార్ యాప్‌లోగానీ లాగిన్ అయితే బయోమెట్రిక్స్ లాక్ అని కనిపిస్తుంది, ఓటీపీతో రెండు నిమిషాల పని. లాక్ చేశాక వేలు, కంటిపాప, ముఖం ఏదీ పనిచేయదు. మీకే అవసరం పడితే, సిమ్ తీసుకోవాలనుకోండి, యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోవచ్చు, కాసేపటికి అదే మళ్లీ మూసుకుపోతుంది. అయితే తాళం వేసిన సంగతి గుర్తుంచుకోవాలి, లేకపోతే ఆరు నెలల తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో వేలు పడక, మిషన్ పాడైందని గొడవ పెట్టుకుంటారు.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి, ఇది చాలామంది చెప్పరు. రేషన్ షాపులో వేలు పెట్టాలి, పింఛనుకు వేలో ముఖమో చూపించాలి, రిటైరైనవాళ్లు బతికే ఉన్నామని చూపే జీవన్ ప్రమాణ్ ఇవ్వాలి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల బయోమెట్రిక్ మీరు హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో లాక్ చేసేసి మర్చిపోతే, ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి పోతారు. నెలనెలా వేలు పెట్టక తప్పని పెద్దవాళ్లకు నా సలహా వేరే: లాక్ పెట్టకండి, దానికి బదులు బ్యాంకుకు వెళ్లి ఆ ఖాతాకు ఏఈపీఎస్ ఆపమని రాసివ్వండి. బ్యాంక్ మిత్ర దగ్గరే డబ్బు తీసుకోక తప్పని వాళ్లయితే, పింఛను పడే ఖాతాలో ఆ నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచి, మిగతాది ఏఈపీఎస్ ఆపేసిన ఇంకో ఖాతాలోకి మార్చండి. ఎస్సెమ్మెస్ అలర్ట్ ఎవరి ఫోన్‌కి వెళుతోందో కూడా చూడండి.

ఎవరి ఫోన్‌కి అంటే గుర్తొచ్చింది. పదేళ్ల కిందట ఊళ్లో ఆధార్ తీసినప్పుడు, ఫోన్ లేనివాళ్లకు ఆ సెంటర్ వాడి నంబరో, పక్కింటబ్బాయి నంబరో రాయించుకున్న ఇళ్లు బోలెడు. అంటే మీ అమ్మగారి ఆధార్ ఓటీపీ ఇప్పటికీ ఎవరికో వెళుతోందన్నమాట. మై ఆధార్‌లో మొబైల్ నంబరు సరిచూసుకునే సదుపాయం ఉంది. మీది కాకపోతే ఆధార్ సెంటర్‌కి వెళ్లి మార్పించండి, రుసుము 75 రూపాయలు. ఇది కాకుండా పైన చెప్పిన లాక్ పని జరగదు. అదే సమయంలో ఈమెయిల్ కూడా చేర్పించుకుంటే మీ ఆధార్ ఎక్కడైనా వాడినప్పుడు మెయిల్ వస్తుంది.

గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఏ సంస్థ, ఏ రోజు, వేలితోనా ఓటీపీతోనా సరిచూసిందో అథెంటికేషన్ హిస్టరీలో కనిపిస్తుంది. రెండు మూడు నెలలకోసారి చూడండి. మీరు ఆ రోజు విజయవాడలో ఉంటే, ఎవరో ఎక్కడో వేలు పెట్టినట్టు ఉందంటే ఇక ఆలోచించేదేం లేదు, లాక్ చేసి ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయడమే. ఆ నంబరులో తెలుగులో కూడా మాట్లాడతారు.

జిరాక్స్ ఇచ్చేముందు

మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంది. పోర్టల్‌లో ఆధార్ డౌన్‌లోడ్ చేసేటప్పుడే మాస్క్ కావాలని టిక్ పెడితే మొదటి 8 అంకెలు మూసి చివరి 4 మాత్రమే కనిపించే కాపీ వస్తుంది. లాడ్జికి, హాస్టల్‌కి, అద్దింటి ఓనర్‌కి, ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీకి ఇది చాలు. "ఇది నడవదు, ఒరిజినల్ కావాలి" అని వాదించేవాళ్లు తగులుతారు, అప్పుడు డ్రైవింగ్ లైసెన్సో ఓటరు కార్డో ఇవ్వండి. 2022 మే నెలలో యూఐడీఏఐ బెంగళూరు ఆఫీసే ఆధార్ జిరాక్స్ ఎవరికీ ఇవ్వొద్దు, మాస్క్‌డ్ వాడండి అని ప్రకటన ఇచ్చింది. జనం కంగారు పడటంతో రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్త సరిపోతుందంది. నా మాట అడిగితే మొదటి ప్రకటనే సరైనది.

పూర్తి నంబరుతో జిరాక్స్ ఇవ్వక తప్పనప్పుడు దాని మీద అడ్డంగా రాయండి: ఎవరికి, దేనికోసం, ఏ తేదీన. "ఫలానా హాస్టల్ గది కోసం మాత్రమే" అని. మార్జిన్‌లో రాస్తే కత్తిరించేస్తారు, అందుకే అక్షరాలు ఫోటో మీదుగా, పేరు మీదుగా పోవాలి, సంతకం కూడా వాటికి తగిలేలా పెట్టాలి. నంబర్లు మాత్రం చదవగలిగేలా ఉంచండి, లేదంటే కౌంటర్ దగ్గర మళ్లీ తెమ్మంటారు.

ఇక జిరాక్స్ షాపు, నెట్ సెంటర్. ప్రింట్ కోసం వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ఆ షాపు కంప్యూటర్లో, ఆ షాపు ఫోన్‌లో అలాగే ఉండిపోతుంది. మీ ముందు లైన్‌లో నిలబడ్డ నలుగురివీ ఉన్నాయి, కావాలంటే స్క్రీన్ మీద చూడండి. పని అయ్యాక డిలీట్ చేయమని, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమని అడగండి, ఏమీ అనుకోరు. సరిగ్గా పడలేదని పక్కన పడేసిన కాపీలు ఇంటికి తెచ్చుకుని చింపేయండి. బజ్జీల పొట్లం విప్పితే ఎవరిదో పాస్‌బుక్ జిరాక్స్ కనిపించడం మన దగ్గర వింతేం కాదు కదా. ఇంకోటి, ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఎవరికి పడితే వాళ్లకి పంపేస్తే అది కాపాడేదేం లేదు.

ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు పాన్, ఆధార్, క్యాన్సిల్డ్ చెక్, మూడు కలిపి మొదటి రోజే పంపకండి. ఆఫర్ లెటర్ రానిదే పాన్‌తో వాళ్లకి పనే లేదు. అలాగే "మీ ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం, నెలకు ఇంత ఇస్తాం" అని కాలేజీ పిల్లల్ని అడిగేవాళ్లు తిరుగుతుంటారు. అలా ఇచ్చిన ఖాతాలోకి వచ్చేది మోసపోయినవాళ్ల డబ్బు. అప్పుడు బాధితులం అని చెప్పుకున్నా కుదరదు, కేసులో పేరు ఉంటుంది.

పాన్ మీద ఏం నడుస్తోంది

అప్పుల సంగతి క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది. మన అప్పుల చిట్టా రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలు మన దేశంలో నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2017 నుంచి ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. నాలుగూ ఒకేరోజు తీయకుండా మూడు నెలలకు ఒకటి చొప్పున తీస్తే పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా నిఘా ఉన్నట్టే. బ్యూరోల సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. ఫ్రీ స్కోరు చూపిస్తామనే యాప్‌లలో చాలావాటికి కావాల్సింది మీకు లోన్ అమ్మడం.

స్కోరు 780 ఉంది, 810 ఉంది అని చూసి సంతోషపడి మూసేయకండి. దొంగతనం స్కోరులో ఆలస్యంగా కనిపిస్తుంది. చూడాల్సినవి వేరే. ఎంక్వైరీలు అనే భాగంలో మీ పేరు మీద ఎవరు అప్పుకు దరఖాస్తు పెట్టారో, ఏ సంస్థ మీ రిపోర్టు తెప్పించుకుందో ఉంటుంది. మీరు అడగని సంస్థ పేరు అక్కడ ఉందంటే అదే తొలి హెచ్చరిక, లోన్ ఇంకా రాకముందే పట్టుకోవచ్చు. తర్వాత చిరునామాలు, ఫోన్ నంబర్ల భాగం. మీరు ఎప్పుడూ ఉండని ఊరి అడ్రస్, మీది కాని నంబరు అక్కడ చేరిందంటే ఎవరో మీ పేరుతో ఫారం నింపారని అర్థం. ఆఖరున ఖాతాల జాబితా, అందులో మూడు వేలు, ఐదు వేలు లాంటి చిన్న యాప్ లోన్లను వదలకుండా చూడండి.

ఊళ్లో ఆడవాళ్ల రిపోర్టు తీసేటప్పుడు క్రిఫ్ హైమార్క్‌తో మొదలుపెట్టండి, గ్రూపు లోన్లు, మైక్రోఫైనాన్స్ వివరాలు అక్కడ బాగా ఉంటాయి. గ్రూపు కోసమని ఇచ్చిన జిరాక్స్‌లతో సభ్యురాలికి తెలియకుండా రెండో లోన్ రాయించారేమో అక్కడే తేలుతుంది. చాలా ఇళ్లలో మగాళ్లు తమ సిబిల్ చూసుకుంటారు, అమ్మది, భార్యది ఎవరూ చూడరు.

అప్పు కాకుండా సేవింగ్స్ ఖాతా తెరిస్తే? అది క్రెడిట్ రిపోర్టులో రాదు. మన పేరు మీదున్న ఖాతాలన్నీ ఒకేచోట చూపించే పోర్టల్ మనకు లేదు గానీ, దాదాపు ఆ పని చేసిపెట్టేది ఒకటుంది, ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం. మీ పాన్ మీద ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చింది, ఎక్కడ పెద్ద మొత్తం నగదు పడింది, ఎవరు జీతం ఇచ్చినట్టు చూపించారు, అన్నీ అందులో ఉంటాయి. మీకు ఖాతా లేని బ్యాంకు నుంచి నలభై రూపాయల వడ్డీ కనిపించిందంటే నలభయ్యే కదా అని వదిలేయకండి, ఆ ఖాతా ఎవరిదో అడగండి. రిటర్న్ వేయనివాళ్లు కూడా, ఇంట్లో ఉండే ఆడవాళ్లతో సహా, పాన్‌తో రిజిస్టర్ చేసుకుని ఇది చూడొచ్చు. ఎవరో మీ పాన్‌తో దొంగ కంపెనీ పెట్టి ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో వెతికితే తెలుస్తుంది, మీది కాదని రిపోర్ట్ చేయడం కూడా అక్కడే. కూలిపని చేసుకునేవాళ్లకు కోట్లలో టాక్స్ నోటీసు వచ్చిందని పేపర్లో చదివే వార్తల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

ఫోన్ నంబరు చేజారితే

ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాళ్లకి అదే కంపెనీ సిగ్నల్ బాగానే ఉంటే, తెల్లారాక చూద్దాంలే అని పడుకోకండి. ఎవరో మీ నంబరు మీద డూప్లికేట్ సిమ్ తీసి ఉండొచ్చు. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపే నిబంధన ఉంది, అంటే ఆ రోజు మీకు దొరికిన గడువు. ఇంకో ఫోన్ నుంచి కస్టమర్ కేర్‌కి, తర్వాత బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఫోనే పోతే సంచార్ సాథీలోని సీఈఐఆర్ ద్వారా బ్లాక్ చేయొచ్చు.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కేవి) గురించి చాలామంది చెప్పారు కాబట్టి ఒక్క మాటే: పీఎం కిసాన్, ట్రాఫిక్ చలాన్, పెళ్లి శుభలేఖ, ఏ పేరుతో వచ్చినా, మేనమామ నంబరు నుంచే వచ్చినా, ఇన్‌స్టాల్ చేయకండి. మేనమామ ఫోన్ ముందే హ్యాకై ఉంటుంది. లోన్ యాప్ అయితే రిజర్వ్ బ్యాంక్ 2025 జూలై నుంచి తన వెబ్‌సైట్‌లో పెట్టిన డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇండియా నంబరు రీచార్జ్ మానేస్తే అది డిస్‌కనెక్ట్ అయ్యి, కొన్ని నెలల తర్వాత ఇంకెవరికో వెళుతుంది. ఆధార్, బ్యాంకు, పాన్ అన్నీ ఆ నంబరుకే లింకై ఉంటాయి. ఉంచుకోండి, లేదా ముందే అన్నిచోట్లా మార్చుకోండి. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో మాట. అక్కడ ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి దగ్గరా క్రెడిట్ ఫ్రీజ్, అంటే మీ పేరుతో కొత్త అప్పు పుట్టకుండా రిపోర్టుకు వేసే తాళం, 2018 సెప్టెంబర్ నుంచి ఉచితం. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) వచ్చిన వారంలోనే పెట్టేసుకోండి, కార్డుకో కారు లోనుకో అప్లై చేసేటప్పుడు తాత్కాలికంగా తీస్తే సరిపోతుంది. టాక్స్ రిటర్న్ మీకంటే ముందు ఇంకెవరో వేసి రీఫండ్ కొట్టేయకుండా అక్కడి టాక్స్ శాఖ ఐఆర్ఎస్ వాళ్లు ఐపీ పిన్ ఇస్తారు, అదీ ఉచితమే.

జరిగిపోయాక ఏం చేయాలి

ఖాతాలోంచి డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. దీనికి ఆలోచన, సలహాలు, ఫ్యామిలీ గ్రూపులో చర్చ ఏమీ వద్దు. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని ఫోన్ చేస్తే, డబ్బు చేరిన ఖాతాలో దాన్ని ఆపే ప్రయత్నం మొదలవుతుంది, అది ఇంకో పది ఖాతాల్లోకి వెళ్లకముందే చేయాలి. లైన్ బిజీగా ఉంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయండి. బ్యాంకుకు కూడా అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు నష్టం ఉండదు, ఆ తర్వాత చెబితే భారం పెరుగుతుంది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, చెప్పేదాకా పోయింది మీ మీదే పడుతుంది.

అప్పు కేసు వేరు, దీనికి ఓపిక కావాలి. మా బంధువులబ్బాయికి ఒక కంపెనీ ఇలాగే తీసుకోని అప్పు అంటగడితే తేలడానికి నెలలు పట్టింది, అందుకే ఈ వరస నాకు కంఠస్థం.

ముందు ఆ అప్పు నిజంగా ఉందో లేదో క్రెడిట్ రిపోర్టులో చూడండి, ఎందుకంటే లేని అప్పు పేరు చెప్పి బెదిరించే దొంగ రికవరీ ఫోన్లు కూడా ఉంటాయి. "వెరిఫికేషన్ కోసం ఆధార్, సెల్ఫీ వాట్సాప్ చేయండి" అంటే పంపకండి. గొడవ వదిలిపోతుందని ఒక ఈఎంఐ కట్టడం, సగానికి సెటిల్‌మెంట్‌కి ఒప్పుకోవడం అసలు చేయకండి. కడితే అప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టు చూపిస్తారు, సెటిల్డ్ అనే మాట రిపోర్టులో మచ్చలా ఉండిపోతుంది. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, చేస్తే ఆ కాల్ వివరాలు కూడా దాచండి.

తర్వాత ఆ కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ రాయండి. ఫోన్‌లో ఎంత మాట్లాడినా గాలికి పోతుంది. మెయిల్లో ఈ అప్పు నేను తీసుకోలేదు అని ఒక వాక్యం రాసి, వెంటనే కాగితాలు అడగండి: దరఖాస్తు, అందులో పెట్టిన ఫోటో, కేవైసీ పత్రాలు, ఇచ్చిన ఫోన్ నంబరు, ఈ-సైన్ వివరాలు, అన్నిటికంటే ముఖ్యంగా అప్పు సొమ్ము ఏ ఖాతాలో వేశారో. కేసు మొత్తం ఆ ఖాతా దగ్గర తేలుతుంది. డబ్బు చేరిన ఖాతా మీది కానప్పుడు, అప్పు మీదని నిరూపించడం వాళ్లకి తలనొప్పి. ఫోటో ఎవరిదో, ఫోన్ నంబరు ఎవరిదో ఉంటే ఇంకా మంచిది. పాత సంచార్ సాథీ రిఫరెన్స్ ఉంటే అది కూడా జతచేయండి.

పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. ఐటీ చట్టం 66సీ సెక్షన్ అచ్చంగా ఇలా ఇంకొకరి గుర్తింపు వాడుకోవడం గురించే, మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 66డీ ఇంకొకరిగా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేయడం. భారతీయ న్యాయ సంహితలో 319 కూడా వర్తిస్తుంది. "ఇది మా పరిధి కాదు" అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు. ఐటీ చట్టం కేసు దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి కాబట్టి ఇన్‌స్పెక్టర్‌నే కలవండి. వాదనకు దిగకుండా, తేదీల వారీగా ఒక పేజీ రాసుకుని, దానికి కాగితాలు పిన్ చేసి తీసుకెళితే స్టేషన్‌లో వినే తీరే మారుతుంది.

ఫిర్యాదు కాపీతో క్రెడిట్ బ్యూరోలో డిస్ప్యూట్ పెట్టండి, ఆ అప్పు చూపిస్తున్న ప్రతి బ్యూరోలోనూ విడివిడిగా. 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇవ్వకపోతే అడగండి. కంపెనీ నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, సందేహాలకు 14448. అంబుడ్స్‌మన్‌కు వెళ్లారని తెలిశాక కదలిక వచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి.

ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే వాళ్ల కాగితాలు కూడా చూడండి. కుటుంబ సభ్యుల మరణాన్ని మై ఆధార్ పోర్టల్‌లోనే తెలియజేసే ఏర్పాటు 2025లో వచ్చింది. తాతగారి సిమ్, ఖాతా, పాన్ అలాగే బతికి ఉంటే ఫిర్యాదు చేసే మనిషి లేని పేరు కాబట్టి దొంగలకు ఇంకా సౌకర్యం.

చివరికి కంపెనీ మీ వాదన ఒప్పుకుంటే, ఫోన్‌లో చెప్పిన "సారీ సార్, క్లోజ్ చేశాం" చాలదు. ఈ అప్పు మీది కాదని, మీ దగ్గర నుంచి రావాల్సింది ఏమీ లేదని లెటర్‌హెడ్ మీద తీసుకోండి. క్లోజ్డ్ అనో రిటన్ ఆఫ్ అనో రాస్తే ఒప్పుకోకండి, ఆ ఎంట్రీ పూర్తిగా తీసేయమని పట్టుబట్టండి. రెండు మూడు నెలల తర్వాత నాలుగు బ్యూరోల్లోనూ మళ్లీ చూడండి, ఎందుకంటే మొండి బకాయిలను కంపెనీలు వేరే సంస్థలకు అమ్మేస్తుంటాయి, ఒకచోట తీసేసిన అప్పు ఇంకో పేరుతో తిరిగి ఎక్కొచ్చు. అప్పుడు కొత్త రికవరీ వాడికి ఆ లెటర్ మెయిల్ చేస్తే సరిపోతుంది.